లిదియమ్మ మెటాడోరు ఇల్లు

ఉదయగిరిలో ఆడపిల్లల హాస్టల్లో లిదియమ్మ ఇరవై ఆరేళ్ళు వంట చేసింది. హాస్టలు గోడ పక్కనే వంటమనిషికని కట్టించిన ఒంటిగది. పెళ్ళయిన కొత్తలో అందులో కాలుపెట్టింది మొదలు ఆమెకు తెలిసిన ఇల్లు అదే. ఏప్రిల్ నెలాఖరున సెలవులిచ్చిన రోజు పిల్లలంతా రేకుపెట్టెలు మోసుకుంటూ బస్సులెక్కి సీతారామపురం అనీ, కలువాయి అనీ ఎటువాళ్ళు అటు వెళ్ళిపోయేవారు. లిదియమ్మ గేటు దగ్గర నిలబడి అందరికీ చెయ్యూపి, లోపలికొచ్చి పెద్ద డేగిసాలు బోర్లించి, ఖాళీ అయిన భోజనాల గదిలో కాసేపు ఊరికే కూర్చునేది. జూన్‌లో పిల్లలు తిరిగొచ్చి చూసొచ్చిన ఊళ్ళ కబుర్లు చెబుతుంటే గరిటె చేతిలో పట్టుకునే వినేది. "నువ్వు యాడికి పోయినావు లిదియమ్మా?" అని ఎవరైనా అడిగితే, "నేనా? బావి దాకా పోయొచ్చినాను" అని నవ్వేది.

ఆమె భర్త ప్రేమానందం ఆర్టీసీ డ్రైవరు. సర్వీసులో ఎక్కువ కాలం ఉదయగిరి, సీతారామపురం మధ్యనే బస్సు తిప్పాడు. ఇంటికొస్తే వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడమే ఆయనకు సుఖం. ఒక్కతే కూతురు, ఏంజెలిన్. టీచరు ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, కావలిలో కాపురం పెట్టింది.

తొంభై ఒకటో సంవత్సరం క్రిస్మస్ ముందర హాస్టలు ఆవరణలోకి ఒక పొడుగాటి వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి తెల్లవాళ్ళు, మొగుడూ పెళ్ళాం దిగారు. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. ఆ దొరసాని తాత ఎప్పుడో ఈ ప్రాంతంలో మిషనరీగా పనిచేశాడట. ఆయన తిరిగిన ఊళ్ళు చూసిపోదామని వచ్చారు. వార్డెనమ్మ వాళ్ళకోసం గది కడిగించి పెడితే అక్కర్లేదన్నారు. పడక వ్యానులోనే, పొద్దున కాఫీ వ్యానులోనే. మూడో రోజున ఆ దొరసాని లిదియమ్మను చెయ్యిపట్టి లోపలికి ఎక్కించింది. మడిస్తే బల్ల, పరిస్తే మంచం. చిన్న గ్యాసు పొయ్యి. తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి. కిటికీకి పూల తెర. వాళ్ళ దేశంలో రిటైరైనవాళ్ళు చాలామంది ఇళ్ళు అమ్మేసి ఇలాంటి బళ్ళలోనే కాపురముంటున్నారట, ఏటికేడు ఎక్కువవుతున్నారట. వార్డెనమ్మ తెలుగులో చెప్పింది.

"మరి మీదే ఊరని ఎవరన్నా అడిగితే ఏం చెప్తారంట?" అంది లిదియమ్మ.

వార్డెనమ్మ కనుక్కుని చెప్పింది. "ఆ పొద్దుకు బండి యాడ ఆగితే అదే మా ఊరంటుండాది."

లిదియమ్మ ఆ మాట ఎవరితోనూ అనలేదు. బియ్యం ఏరుతున్నా, పిండి రుబ్బుతున్నా దాన్నే మనసులో తిప్పుకునేది.

తొంభై మూడులో ప్రేమానందం రిటైరయ్యాడు. ఆ ఏడే హాస్టల్లో లిదియమ్మ పని కూడా ముగిసింది. గది ఖాళీ చెయ్యాలి. ప్రేమానందం ఆత్మకూరు వెళ్ళి బస్టాండు దగ్గర ఒక అద్దె గది చూసొచ్చాడు.

"గాలి బాగా వస్తాది. చర్చి కూడా దగ్గరే" అన్నాడు.

"గది వద్దయ్యా. బండి తీసుకో."

"ఏం బండి?"

"ఆ తెల్లోళ్ళ బండి లాంటిది. మనం దాంట్లోనే ఉందాం."

ప్రేమానందం నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఇన్నేళ్ళు లోకాన్నంతా ఎక్కించుకోని తిప్పినావు. నన్ను యాడికన్నా తీసుకపోయినావా?" అంది లిదియమ్మ. కోపంగా అనలేదు. లెక్కల టీచరు ప్రశ్న అడిగినట్టు అడిగి, జవాబు కోసం చూసింది.

నిజానికి ఆయనకు మళ్ళీ స్టీరింగు పట్టుకోవాలని లేదు. నడుం పట్టేసింది, మోకాళ్ళు అరిగాయి. అయినా ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక ఇదొక్కటే. నెల తిరక్కుండా నెల్లూరు నుంచి ఒక పాత మెటాడోరు వ్యాను తెచ్చాడు. ఆత్మకూరులో లారీలకు చెక్క బాడీలు కట్టే చెంచయ్య షెడ్డులో పెట్టాడు. చెంచయ్య అలాంటి పని ఎన్నడూ చెయ్యలేదు. లిదియమ్మ రోజూ షెడ్డుకు వెళ్ళి, నేల మీద బొగ్గుతో గీసి చూపించేది. మంచం ఇక్కడ, దాని కింద సామాను పెట్టె, పొయ్యి వెనక తలుపు దగ్గర, పైన నీళ్ళ పీపా, దానికో కుళాయి. చెంచయ్య మొదట్లో విసుక్కున్నా, పోను పోను ఆయనకే పట్టుదల వచ్చింది. మంచం కోళ్ళకు పువ్వులు కూడా చెక్కాడు.

ఏంజెలిన్ వచ్చి చూసి ఏడ్చింది. "రోడ్డున పడ్డారని జనం అనుకోరా మా? నా దగ్గరికి వచ్చి ఉండరాదా?"

"నీ దగ్గరికి వస్తాం. బండేసుకోని వస్తాం" అంది లిదియమ్మ.

పాస్టరు వచ్చి బండి ముందు నిలబడి ప్రార్థన చేశాడు. ఆ సాయంత్రమే బయల్దేరి సోమశిల దాకా వెళ్ళారు. డ్యాముకు అల్లంత దూరంలో ఆపి, లిదియమ్మ వెనక తలుపు తెరిచి ఇద్దరికే అన్నం వండింది. ఇంత చిన్న గిన్నెలో వండడం చేతకాక ఉప్పు ఎక్కువేసింది. ప్రేమానందం ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

తర్వాతి రెండేళ్ళూ ఆమె బతుకులో బంగారు కాలం. కన్యాకుమారిలో మూడు వైపులా నీళ్ళు చూసి, మోకాలి దాకా దిగి, చీర తడిసిందన్న ధ్యాస లేకుండా నిలబడిపోయింది. ఊటీలో చలికి తట్టుకోలేక భర్త ఖాకీ కోటు తొడుక్కుని టీ తోటల మధ్య నడిచింది. చర్చి ఆవరణల్లో, బడి మైదానాల్లో, పెట్రోలు బంకుల పక్కన బండి ఆపేవారు. ఎక్కడ ఆగినా ఆడవాళ్ళు చుట్టూ మూగి లోపలికి తొంగిచూసేవారు. లిదియమ్మ వాళ్ళను ఎక్కించి, మంచం మడిచి చూపించి, తమ ఊరి చింతకాయ పచ్చడి చేతిలో పెట్టి పంపేది. ప్రేమానందం కూడా మారాడు. టికెట్లు, టైములు లేని ప్రయాణం ఆయనకు కొత్త. నచ్చిన చోట ఆగేవాడు, చెట్టు పేరు అడిగేవాడు. ఒకసారి దారిలో బండి పక్కకు తీసి, "ఏమే, నువ్వడగకపోయుంటే నేను ఆ గదిలోనే చచ్చిపోయేవాణ్ణి" అన్నాడు.

మధ్యమధ్య ఆత్మకూరు వచ్చి చెంచయ్య షెడ్డులో బండికి చిన్న చిన్న మరమ్మతులు చేయించుకునేవారు. వచ్చిన ప్రతిసారీ షెడ్డులో ఏదో ఒక వ్యాను లోపలి పని జరుగుతూ కనిపించేది. రిటైరైన హెడ్మాస్టరు జనార్దనయ్య భార్యను కాశీకి తీసుకుపోవడానికి ఒకటి కట్టించుకున్నాడు. నెల్లూరులో యాత్రలకు బళ్ళు పంపే ఆసామి రెండు కట్టమన్నాడు.

"మీ బండి చూసినాంక అందరూ అట్టాంటిదే కావాలంటుండారు" అన్నాడు చెంచయ్య. "లారీ పనికన్నా దీనికే గిరాకీ ఉండాది."

ఆ మాటకు లిదియమ్మ పొంగిపోయింది.

తొంభై ఐదు ఎండాకాలంలో ఆమె మొదటిసారి గమనించింది. ప్రేమానందం గ్లాసులోకి టీ వంచుతూ గ్లాసు పక్కన పోశాడు. చెయ్యి వణికిందన్నాడు. ఇంకోనాడు పక్కనుంచి పాస్టరు వచ్చి భుజం తట్టేదాకా మనిషి వచ్చినట్టే తెలియలేదు. పొద్దు వాలకముందే బండి ఆపేయడం మొదలుపెట్టాడు. మైలురాయి మీద ఏముందో ఆమెనే చదవమనేవాడు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కల నుంచి వచ్చేదే కనిపించడం లేదని లిదియమ్మకు నెల రోజుల్లో అర్థమైంది.

ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఆమె అడగలేదు. దానికి బదులు సీటులో ముందుకు జరిగి కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "ఎడమ పక్క సైకిలు." "బర్రెలొస్తుండాయి, నిదానం." ఆయన "ఊఁ" అనేవాడు. మాటలు తగ్గిపోయి బండిలో ఇవే మిగిలాయి. వేలూరులో ఆరు రోజులున్నారు. ఊరంతా ఆసుపత్రులు. కళ్ళు చూపించుకోమని నోటి చివరిదాకా వచ్చింది. డాక్టరు బండి నడపొద్దంటే? ఇంకా విశాఖపట్నం చూడలేదు. ఆ ఒక్కటీ చూసొచ్చాక చెబుదాంలే అనుకుంది. విశాఖపట్నం చూసి వచ్చారు. అప్పుడు ఏంజెలిన్ కాన్పు అయ్యేదాకా ఆగుదామనుకుంది.

తొంభై ఆరు ఫిబ్రవరిలో ఒక పొద్దున ఉదయగిరి నుంచి కావలికి, మనవరాలిని చూడ్డానికి బయల్దేరారు. దుత్తలూరు ఇంకా రాలేదు. ఎండ సూటిగా కళ్ళలోకి కొడుతోంది. వెనక పాలగిన్నె మూత జారిన చప్పుడైతే లిదియమ్మ వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. మూత పెట్టడానికి పట్టే సేపు, అంతే. బండి దేన్నో గుద్దుకుంది. బ్రేకు కీచుమంది. గొర్రెల అరుపులు, ఆ అరుపుల కింద ఒక మనిషి మూలుగు.

ఎడమ వైపు నుంచి మందను రోడ్డు దాటిస్తున్న ముసలాయన పేరు సిద్ధయ్య. మూడు గొర్రెలు అక్కడికక్కడే చచ్చిపోయాయి. ఆయన తొడ ఎముక విరిగింది. ప్రేమానందం కిందికి దిగి, చేతులు ముందుకు చాచి, గాలిలో తడుముతున్నట్టు నడుస్తూ, "యాడ? యాడుండాడు?" అన్నాడు. మనిషి ఆయనకు కుడిపక్కన రెండడుగుల దూరంలో పడి ఉన్నాడు.

వెనకనే వస్తున్న జీపువాళ్ళు దిగి సిద్ధయ్యను మెటాడోరులో, లిదియమ్మ మంచం మీద పడుకోబెట్టారు. వాళ్ళ డ్రైవరే నెల్లూరు దాకా బండి నడిపాడు. లిదియమ్మ దారి పొడవునా ఆ కాలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ప్రేమానందం ముందు సీటులో తల వంచుకుని ఉండిపోయాడు. మర్నాడు తనే పోలీసు స్టేషనుకు వెళ్ళి లైసెన్సు బల్ల మీద పెట్టాడు. కానీ వాంగ్మూలం తీసుకోవడానికి కానిస్టేబులు వచ్చినప్పుడు సిద్ధయ్య, "జీవాలు బెదిరి అడ్డం పడినాయి సామీ. ఆయన తప్పేం లేదు" అని చెప్పాడు.

అదే ఆసుపత్రిలో కంటి డాక్టరు ప్రేమానందాన్ని చూశాడు. నీటికాసులన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కూడా ఎంతకాలం ఉంటుందో చెప్పలేమన్నాడు. "ఆరేడు నెలల ముందు తీసుకొచ్చి ఉన్నా చాలా వరకు నిలబెట్టేవాళ్ళం కదమ్మా" అన్నాడు.

లిదియమ్మ తల ఊపింది. ఆరేడు నెలల కిందట తాను వేలూరు సంతలో గాజులు బేరమాడుతూ ఉంది.

సిద్ధయ్యది దుత్తలూరు దగ్గర పల్లె. రెండు నెలల తర్వాత ఆయన్ను ఇంటికి చేర్చాల్సి వచ్చినప్పుడు ఆమె భర్తతో అంది. "మనం కూడా ఆడికే పోదాం. ఆ ముసలాయనకు చేసేవాళ్ళు లేరు. పెళ్ళాం మంద వెంబడి పోవాల."

"వాళ్ళు రానిస్తారా?"

"తిడితే పడదాం."

ఎవరూ తిట్టలేదు. మెటాడోరును తోలించుకుని వచ్చి, పల్లె చివర సిద్ధయ్య గుడిసెకు ఎదురుగా పెట్టించారు. సిద్ధయ్య భార్య వరదమ్మ తెల్లారగానే గొర్రెలు తోలుకుని పోయేది. లిదియమ్మ ఆయన కాలికి ఇంకా మానని పుండు కడిగి కట్టు కట్టేది, సంగటి కలిపి పెట్టేది, పక్క మార్చేది. ప్రేమానందం గుడిసె అరుగు మీద కూర్చుని, చేతికి అందినంత తాడు పేనుతూ ఉండేవాడు.

సిద్ధయ్య పదేళ్ళప్పటి నుంచి గొర్రెల వెంట నడిచినవాడు. ఎండాకాలం వస్తే మందతో తూర్పున వరిచేల దాకా వెళ్ళి, కోత కోసిన పొలాల్లో ఎరువు కోసం మంద పెట్టి, అక్కడే గొంగడి కప్పుకుని పడుకుని, వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు. ఇంటి కప్పు కింద వరసగా నెల రోజులు పడుకున్నది ఇదే మొదటిసారి. నులకమంచం మీద పడుకుని గుమ్మంలోంచి కనిపించే జానెడు ఆకాశం వంక చూసేవాడు.

"నువ్వు సముద్రం చూసినావంటగదమ్మా" అని ఒకనాడు అడిగాడు. "ఎట్టుంటాది?"

లిదియమ్మ కన్యాకుమారి గురించి చెప్పింది. మూడు వైపులా నీళ్ళని చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మర్నాడు ఊటీ గురించి అడిగాడు. అంత పచ్చిక ఉంటే గొర్రెలు ఎంత బలుస్తాయో అని ఆశ్చర్యపోయాడు. ఆయన కూడా చెప్పేవాడు. ఏ చెరువు గట్టున తోడేలు వచ్చిందో, ఏ ఊరి రైతు మందకు పెట్టిన అన్నంలో నెయ్యి వేశాడో. అలా నాలుగైదు వారాలు సాగింది. బండి, రోడ్డు, గుద్దుకోవడం ఇద్దరూ ఎత్తుకోలేదు. ఆయన ఎంత ఆప్యాయంగా మాట్లాడితే లిదియమ్మకు అంత భారమయ్యేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కట్టు విప్పుతూ చెప్పేసింది.

"ఆయనకు చూపు ఆనడం లేదని నాకు ముందే తెలుసు పెద్దాయనా. పోయినేడు ఎండాకాలం నుంచీ తెలుసు. చెప్తే తిరగడం ఆగిపోతాదని చెప్పలా."

సిద్ధయ్య ఆమె మొహంలోకి చూశాడు.

"తెలిసే తిప్పినావా అమ్మా?"

"తెలిసే."

ఆయన తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె కట్టు కట్టడం ముగించి, సంగటి ముద్ద తెచ్చి పక్కన పెట్టింది. సాయంత్రం వరదమ్మ వచ్చేదాకా అది అక్కడే ఎండిపోయింది. ఆ తర్వాత ఆయన లిదియమ్మ చేత తినడం మానలేదు, పుండు కడిగించుకోవడమూ మానలేదు. ఆమె లేకపోతే గడవదు మరి. మాట్లాడడం మాత్రం మానేశాడు. సముద్రం గురించీ అడగలేదు, చెరువుగట్ల గురించీ చెప్పలేదు.

ఆ రోజు గుడిసెలోంచి బయటికి వచ్చినప్పుడు అరుగు మీద ప్రేమానందం తాడు పక్కన పెట్టి కూర్చుని ఉన్నాడు. అంతా వినిపించి ఉంటుంది.

"నీకు తెలుసని నాకు తెలుసే" అన్నాడు. "సైకిలు, బర్రెలు అని నువ్వు చెప్తుంటే తెలీకుండా ఉంటాదా? నువ్వు ఆపమంటావేమోనని నేను ఎదురుచూసినాను. నేనే ఆపితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని భయపడినాను."

లిదియమ్మ ఆయన పక్కన కూర్చుని ఏడ్చింది. ఒకరి కోసం ఒకరు దాచుకున్నామనుకున్నారు. పోయింది మాత్రం మూడో మనిషి కాలు.

పుండు మానలేదు. సిద్ధయ్యకు షుగరు ఉందని ఆసుపత్రిలోనే చెప్పారు. మందలో సగం అమ్మేశారు. వరదమ్మ ఒక్కతే ఎన్నిటిని కాయగలదు? తొంభై ఏడు వానాకాలంలో జ్వరం వచ్చి, నాలుగు రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉండి, సిద్ధయ్య పోయాడు. ఒళ్ళు తెలియని ఆ నాలుగు రోజులూ గొర్రెల్ని పేరుపేరునా అదిలించాడు. లిదియమ్మ తడిబట్ట మారుస్తూ ఆయన పెదాల దగ్గర చెవి పెట్టి విన్నది. తన కోసం ఒక్క మాటైనా ఉంటుందేమోనని విన్నది. లేదు.

పదకొండో రోజు అయ్యాక వరదమ్మ మెటాడోరు దగ్గరికి వచ్చి నిలబడింది. భర్త ఆమెకు అంతా చెప్పాడో లేదో లిదియమ్మకు తెలియదు.

"ఇంక మీరు పోండి అక్కా" అంది వరదమ్మ. "నువ్వు చేసింది ఎవరూ చెయ్యరు. చెడ్డా మంచీ రెండూ నువ్వే చేసినావు. నాకు నిన్ను చూస్తే ఏమనాల్నో తెలవడం లేదు. పోండి."

చెంచయ్య మనిషిని పంపించి మెటాడోరును ఆత్మకూరు తెప్పించాడు. దాన్ని మళ్ళీ రోడ్డెక్కనివ్వడం ప్రేమానందానికి ఇష్టం లేకపోయింది. షెడ్డులో పలకలు ఊడదీసి, ఇనుమూ ఇంజనూ విడివిడిగా ఇచ్చేశారు. మంచం మాత్రం చెంచయ్య ఊడదీయలేక, అలాగే తెచ్చి వాళ్ళ గదిలో పెట్టాడు. బస్టాండు దగ్గర అద్దె గది అది. ఏంజెలిన్ కావలికి రమ్మని ఎంత బతిమాలినా లిదియమ్మ వెళ్ళలేదు. నెలకోసారి దుత్తలూరు బస్సెక్కి వరదమ్మ ఇంటికి వెళ్ళేది. ఏదో ఒకటి గుమ్మంలో పెట్టేది. వరదమ్మ ఒకసారి మంచినీళ్ళిచ్చేది, ఒకసారి లోపలి నుంచి బయటికే వచ్చేది కాదు.

తొంభై తొమ్మిది నాటికి ప్రేమానందానికి వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది. చెంచయ్య షెడ్డు ముందు ఇప్పుడు పెద్ద బోర్డు ఉంది. ఎప్పుడు చూసినా నాలుగైదు వ్యాన్లు పనిలో ఉంటాయి. కొత్తగా కట్టించుకునేవాళ్ళు ఎవరొచ్చినా, బండిలో కాపురం ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోమని చెంచయ్య లిదియమ్మ దగ్గరికి పంపేవాడు.

ఆ ఏడు నవంబరులో సుకుమారి అని ఒక రిటైరైన నర్సు, భర్త ఎడ్విన్‌తో కలిసి వచ్చింది. లిదియమ్మ వాళ్ళను చెక్క మంచం మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. పొయ్యి వెనక తలుపు దగ్గరే పెట్టించుకోవాలని, నీళ్ళ పీపాకు లోపల అడ్డుపలక వేయించకపోతే మలుపుల్లో బండి ఊగుతుందని, చర్చి ఆవరణలో ఆపితే భయం ఉండదని చెప్పింది. చెప్పిచెప్పి ఎడ్విన్ వైపు తిరిగింది.

"కళ్ళు చూపించుకున్నావా నాయనా?"

"బాగానే కనపడతాది అక్కా" అన్నాడాయన.

"నేనడిగింది అది కాదు. చూపించుకున్నావా?"

ఆమె గొంతుకు ఎడ్విన్ తడబడ్డాడు. వచ్చే వారం చూపించుకుంటానన్నాడు. వాళ్ళు లేచి గుమ్మం దాకా వెళ్ళాక సుకుమారి ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "చెంచయ్య అంతా చెప్పినాడు. అంత జరిగినాంక మళ్ళీ పోవాలని ఎప్పుడన్నా అనిపిస్తాదా అక్కా?"

లిదియమ్మ లోపలికి చూసింది. ప్రేమానందం గోడకు ఆనుకుని, రోడ్డు మీద పోతున్న బస్సుల చప్పుడు వింటున్నాడు.

"అనిపిస్తాది" అంది. "రోజూ అనిపిస్తాది. నాకు సిగ్గుగా ఉండేది దానికే."

సుకుమారి ఆమె చెయ్యి ఒకసారి నొక్కి, భర్త వెనక మెట్లు దిగింది. లిదియమ్మ గుమ్మంలో నిలబడి వాళ్ళు షెడ్డు వైపు మలుపు తిరిగేదాకా చూసి, అన్నం వార్చడానికి లోపలికి వెళ్ళింది.